చేపకూ ఒత్తిడే: రోగం కనిపించకముందే చెరువులో ఏం జరుగుతుంది?

వరుసగా రెండు మూడు రోజులు మబ్బు పట్టి, గాలి ఆడకపోతే చేపల రైతుకు రాత్రి నిద్ర ఉండదు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ తేలుతుంటే ఏరేటర్లు తిప్పుతారు, మోటారు వేసి కొత్త నీరు పెడతారు. ఎండ కాసేసరికి చేపలు మళ్లీ కిందికి వెళ్లిపోతాయి. గండం గడిచిందనిపిస్తుంది. అయితే వారం పది రోజులు తిరిగేసరికి అదే చెరువులో కొన్ని చేపల ఒంటి మీద ఎర్ర మచ్చలు, ఊడిన పొలుసులు, చివికిన రెక్కలు కనిపించవచ్చు. అప్పుడు అందరి దృష్టీ బాక్టీరియా మీదికి, దానికి వేయాల్సిన మందు మీదికి మళ్లుతుంది. కానీ ఆ బాక్టీరియా చాలాసార్లు కొత్తగా వచ్చినది కాదు. ఏడాది పొడవునా ఆ నీటిలోనే, ఆ బురదలోనే ఉంది. మారినది చేప ఒంట్లోని పరిస్థితి.

ఆ మార్పు పేరే ఒత్తిడి. పరీక్షల ముందు విద్యార్థికి, అప్పుల్లో ఉన్న మనిషికి వాడే మాటనే చేపకూ వాడడం కొంత వింతగా అనిపించవచ్చు. శరీరశాస్త్రం దృష్టిలో మాత్రం ఇది పోలిక కోసం అన్న మాట కాదు. మన ఒంట్లో ఒత్తిడి వేళ విడుదలయ్యే ప్రధాన హార్మోను కార్టిసాల్. చేప రక్తంలో విడుదలయ్యేదీ అదే.

ఈ విషయం మనకు ఎందుకు ముఖ్యం? 2022-23లో మన దేశంలో చేపలు, రొయ్యల మొత్తం ఉత్పత్తి సుమారు 175 లక్షల టన్నులు. అందులో అన్ని రాష్ట్రాల కన్నా పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగే శీలావతి, బొచ్చె చేపలు మంచు పెట్టెల్లో లారీలెక్కి కోల్‌కతా, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్తాయి. ఇంత ఉత్పత్తి ఒక్కో ఎకరంలో ఎక్కువ చేపలు, ఎక్కువ మేత ఉంటేనే సాధ్యం. చేపకు ఒత్తిడి మొదలయ్యేది కూడా అక్కడే.

మూడు వలయాల లెక్క

చేపల వ్యాధుల పరిశోధనలో పేరున్న స్టానిస్లాస్ స్నియెష్కో 1970లలో ఒక సులువైన బొమ్మతో రోగం ఎలా వస్తుందో వివరించారు. ఒకదానిమీదికి ఒకటి జరిగిన మూడు వలయాలు. ఒకటి చేప, రెండోది రోగకారక క్రిమి, మూడోది పరిసరం. మూడూ కలిసిన చోటే రోగం పుడుతుంది. క్రిమి ఉన్నా, చేప దృఢంగా ఉండి నీరు బాగుంటే రోగం రాదు.

మంచినీటి చెరువుల్లో తరచూ కనిపించే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అనే బాక్టీరియా దీనికి చక్కని ఉదాహరణ. ఇది మామూలు నీటిలోనూ, ఆరోగ్యంగా ఉన్న చేప పేగులోనూ ఉంటుంది. చేప బలంగా ఉన్నంతకాలం ఏ హానీ చేయదు. బలం తగ్గిందంటే రక్తంలోకి చొరబడి ఒళ్లంతా రక్తపు మచ్చలు, పొట్ట ఉబ్బు, పుండ్లు తెస్తుంది. ఇలాంటి వాటిని అవకాశవాద క్రిములు అంటారు. ఆ అవకాశం ఇచ్చేది ఎక్కువగా ఒత్తిడే.

సెకన్లలో ఒకటి, నిమిషాల్లో మరొకటి

శరీరం ఒత్తిడికి ఒకే తరహాలో స్పందిస్తుందని 1936లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలతో చూపారు. ముందు ఉలికిపాటు, తర్వాత తట్టుకునే దశ, ఒత్తిడి ఆగకపోతే చివరికి అలసట. చేపల్లోనూ ఈ క్రమం ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. పరిశోధకులు దాన్ని మూడు అంచెలుగా చూస్తారు.

మొదటి అంచెలో హార్మోన్లు పనిచేస్తాయి. వల తగిలిన సెకన్లలోనే చేప రక్తంలోకి ఎడ్రినలిన్ వస్తుంది. గుండె వేగం, మొప్పల గుండా రక్త ప్రవాహం పెరుగుతాయి. ఇంతలో మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి, అది రక్తం ద్వారా కార్టిసాల్ తయారుచేసే కణాలకు సందేశం పంపుతాయి. కొన్ని నిమిషాల్లో కార్టిసాల్ పెరగడం మొదలై, సాధారణంగా అరగంట నుంచి గంటలోపు తారస్థాయికి చేరుతుంది.

రెండో అంచెలో ఒళ్లంతా మారుతుంది. కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ కరిగి రక్తంలో గ్లూకోజు పెరుగుతుంది. కండరాల్లో లాక్టిక్ ఆమ్లం చేరుతుంది. లవణాల సమతుల్యత చెదురుతుంది. రక్తంలోని తెల్ల కణాల పాళ్లు మారిపోతాయి.

మూడో అంచె ఒత్తిడి రోజుల తరబడి సాగినప్పుడు బయటపడుతుంది. ఎదుగుదల మందగిస్తుంది, గుడ్ల ఉత్పత్తి తగ్గుతుంది, రోగాలు తరచుగా వస్తాయి. రైతు కంటికి కనబడేది ఈ మూడో అంచె మాత్రమే. మొదటి రెండూ అంతకు చాలా ముందే జరిగిపోయి ఉంటాయి.

ఒకే ఇంట్లో రెండు కాపురాలు

కార్టిసాల్ మనలో మూత్రపిండాల మీద టోపీలా కూర్చున్న ఎడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. చేపకు అలాంటి విడి గ్రంథులు లేవు. దాని మూత్రపిండం వెన్నెముక కింద పొడవుగా ఉంటుంది. తల వైపున్న దాని ముందు భాగాన్ని తల మూత్రపిండం అంటారు. పేరుకు మూత్రపిండమే అయినా పెద్ద చేపలో ఆ భాగం మూత్రాన్ని వడకట్టదు. కార్టిసాల్ తయారుచేసే కణాలు, ఎడ్రినలిన్ విడుదల చేసే కణాలు అక్కడే ఉంటాయి.

ఇంకో విశేషం కూడా ఉంది. మన రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. చేప ఎముకల్లో ఆ పని జరగదు. రక్తకణాలు, రోగ నిరోధక కణాలు పుట్టి పెరిగే ముఖ్యమైన చోటు కూడా తల మూత్రపిండమే. అంటే ఒత్తిడి హార్మోను కార్ఖానా, రోగాలతో పోరాడే సైన్యపు శిక్షణ శిబిరం ఒకే గోడల మధ్య ఉన్నాయి. కార్టిసాల్ పెరిగితే దాని ధాటి మొదట తగిలేది పక్కనే పుడుతున్న ఆ కణాలకు.

కామన్ కార్ప్ చేపల మీద నెదర్లాండ్స్‌లో 1990లలో జరిగిన పరిశోధనలు ఇక్కడ ఏం జరుగుతుందో చూపించాయి. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలను కార్టిసాల్ స్వయంగా చనిపోయేలా ప్రేరేపిస్తుంది. మొదటి వరుసలో నిలిచి పోరాడే న్యూట్రోఫిల్ కణాలను మాత్రం ఎక్కువ సేపు బతికిస్తుంది. తక్షణ ప్రమాదంలో గాయం కావచ్చు కాబట్టి ముందు వరుసను కాపాడుకోవడం, దీర్ఘకాలిక రక్షణను పక్కన పెట్టడం శరీరం ఎంచుకున్న పద్ధతి. ఒక గంట ప్రమాదానికి అది తెలివైన ఏర్పాటు. నెల రోజుల ఒత్తిడికి అదే శాపమవుతుంది.

హార్మోను ఒక్కటే ఇంత చేస్తుందా అనే ప్రశ్నకు 1980లలో ఇంగ్లండులోని విండర్‌మియర్ దగ్గర పనిచేసిన పికరింగ్, పాటింజర్ అనే శాస్త్రవేత్తలు జవాబు వెతికారు. బ్రౌన్ ట్రౌట్ చేపల పొట్టలో కార్టిసాల్‌ను నెమ్మదిగా విడుదల చేసే గుళికలు అమర్చారు. చేపలను తరమలేదు, గుంపులుగా కుక్కలేదు. అయినా కార్టిసాల్ మోతాదు పెరిగినకొద్దీ మామూలు బాక్టీరియా, బూజు రోగాలతో చనిపోయే చేపల సంఖ్యా పెరిగింది. రక్తంలో హార్మోను పెరుగుదల స్వల్పంగా ఉన్నప్పుడు కూడా ఈ ప్రభావం కనిపించింది.

ఒత్తిడి ఎప్పుడూ చెడే చేస్తుందని దీనర్థం కాదు. 1989లో అమెరికాలో చినూక్ సాల్మన్ చేపల మీద వెలువడిన ఒక అధ్యయనంలో, కాసేపు చేతులతో పట్టి ఇబ్బంది పెట్టిన 4 గంటలకు చేపల రోగ నిరోధకత తగ్గింది. ఒక రోజు గడిచాక అదే క్రిమిని మామూలు కన్నా మెరుగ్గా తట్టుకున్నాయి. చిన్న కుదుపు నుంచి చేప తేరుకుంటుంది. తేరుకునే వ్యవధి ఇవ్వకుండా కుదుపు మీద కుదుపు వస్తేనే అసలు ముప్పు.

చర్మం మీది కోట

చేప పట్టుకుంటే చేతికి అంటే జిగురు మనకు చిరాకు. చేపకు అదే కోటగోడ. ఆ జిగురు పొరలో క్రిముల గోడలను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైము, సూక్ష్మక్రిములను చంపే చిన్న ప్రొటీన్లు, యాంటీబాడీలు ఉంటాయి. జిగురు ఎప్పటికప్పుడు ఊరుతూ, అంటుకున్న క్రిములను తనతోపాటు కడిగేసుకుంటుంది. వల రాపిడికో, ఎండిన చేతుల పట్టుకో ఈ పొర ఊడిపోతే పొలుసుల కింది చర్మం క్రిములకు తెరిచిన తలుపే.

మొప్పలది మరో కథ. మంచినీటి చేప రక్తంలో చుట్టూ ఉన్న నీటిలోకన్నా ఉప్పు ఎక్కువ. అందువల్ల నీరు ఎప్పుడూ లోపలికి చొరబడుతూ, లవణాలు బయటికి జారుతూ ఉంటాయి. చేప ఆ నీటిని మూత్రంగా పంపేస్తూ, లవణాలను మొప్పల ద్వారా తిరిగి పీల్చుకుంటూ సమతుల్యం కాపాడుకుంటుంది. ఒత్తిడిలో ఎడ్రినలిన్ మొప్పలకు రక్తాన్ని పరుగెత్తిస్తుంది. ఆక్సిజన్ ఎక్కువ అందుతుంది కానీ లవణాల నష్టమూ పెరుగుతుంది. చేపపిల్లల రవాణా నీటిలో కొద్దిగా ఉప్పు కలిపే అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఇదే. బయటి నీటిలో ఉప్పు పెరిగితే లోపలి నష్టం తగ్గుతుంది.

చెరువులో ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటిది ఆక్సిజన్. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే, 30 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న లీటరు మంచినీటిలో కరిగి ఉండగలిగేది సుమారు 7.5 మిల్లీగ్రాములే. నీరు 20 డిగ్రీలకు చల్లబడితే అది 9కి చేరుతుంది. అంటే చేపకు ఎక్కువ ఆక్సిజన్ కావలసిన ఎండాకాలంలోనే నీరు తక్కువ ఇవ్వగలదు. పగలు నీటిలోని పచ్చని సూక్ష్మ మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి. రాత్రి అవి కూడా పీల్చుకుంటాయి. అందుకే తెల్లవారే ముందు వేళ అతి ప్రమాదకరం. మబ్బు పట్టిన రోజుల్లో పగటి జమ తగ్గి, రాత్రి ఖర్చు అలాగే ఉంటుంది. కార్ప్ జాతి చేపలకు లీటరుకు 5 మిల్లీగ్రాములకు పైగా ఉంటే సుఖం. అంతకన్నా బాగా తగ్గితే తేలకపోయినా లోపల ఒత్తిడి మొదలైనట్టే.

రెండోది అమ్మోనియా. చేప విసర్జన, మిగిలిన మేత కుళ్లు దీనికి మూలం. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. అందులో అయనీకరణం చెందని రూపం విషపూరితం. 30 డిగ్రీల వేడి దగ్గర, పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో ఆ రూపం ఒక శాతం కన్నా తక్కువ. పీహెచ్ 8 అయితే 7 శాతం దాటుతుంది. 9కి చేరితే 40 శాతం మించిపోతుంది. పచ్చబడిన చెరువులో మధ్యాహ్నం పీహెచ్ పెరగడం మామూలే. ఉదయం పరీక్షలో నిక్షేపంగా ఉన్న నీరు మధ్యాహ్నానికి చేపల మొప్పలను మండించడానికి కారణం ఇది.

మూడోది కిక్కిరిసిపోవడం. నాలుగోది ఉష్ణోగ్రతలో హఠాత్తు మార్పు. ఐదోది మనుషుల చేతులు. పిల్లల పట్టివేత, తూకం, లెక్క, రవాణా, మరో చెరువులోకి మార్పు వంటి పనులన్నీ తరచూ ఒకే రోజున పడతాయి. ఒక్కొక్కటీ చిన్నదే. చేప శరీరం మాత్రం వాటిని కలిపి లెక్కేసుకుంటుంది.

చలి చేసిన సాయం

ఉష్ణోగ్రతకూ రోగానికీ ఉన్న ముడిని మన దేశం 1988లో బాధాకరంగా చూసింది. ఆగ్నేయాసియా, బంగ్లాదేశ్ మీదుగా వచ్చిన పుండ్ల మహమ్మారి ఆ ఏడాది ఈశాన్య రాష్ట్రాల్లో అడుగుపెట్టి, తర్వాతి ఏళ్లలో దేశమంతా పాకింది. కొర్రమీను వంటి చేపల ఒంటి మీద లోతైన పుండ్లు పడ్డాయి. జనం చేపలు కొనడానికే భయపడ్డారు. కారకం అఫనోమైసిస్ ఇన్వాడాన్స్ అనే బూజులాంటి జీవి అని తర్వాత తేలింది.

ఈ రోగం ఎక్కువగా వర్షాల తర్వాత, చలి మొదలయ్యే నెలల్లోనే విజృంభిస్తుంది. చేప తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు. నీరు చల్లబడితే దాని రోగ నిరోధక కణాల చురుకూ తగ్గుతుంది. ఆ జీవి మాత్రం చల్లని నీటిలో కూడా పెరగగలదు. వర్షపు నీటితో మారిన నీటి గుణం చర్మాన్ని బలహీనపరిస్తే దాని పని మరీ సులువు. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ దీనికోసం సిఫాక్స్ అనే మందును రూపొందించింది. అయినా చలి రాకముందే చెరువులో సున్నం చల్లి నీటిని సరిచేసుకోవడం, ఆ నెలల్లో చేపలను వలలతో కదపకుండా ఉండడం ఇప్పటికీ మంచి రక్షణ.

మందు కన్నా ముందు కారణం

చేపలు చనిపోవడం మొదలైతే రైతు ఆందోళన అర్థం చేసుకోదగ్గదే. పెట్టుబడి అంతా నీటిలోనే ఉంటుంది. చేతికందిన యాంటీబయాటిక్‌ను మేతలో కలపడం ఆ ఆందోళనలోంచి వచ్చే నిర్ణయం. కానీ జబ్బు పడిన చేప మొదట మానేసేది మేతే. మందు ఎక్కువగా తినేది ఇంకా బాగున్న చేపలు. మిగిలినది నీటిలో, బురదలో చేరి మందుకు లొంగని బాక్టీరియాను పెంచుతుంది. ఆక్సిజన్ కొరత, అమ్మోనియా అలాగే ఉంటే మందు ఆపిన కొద్ది రోజులకే రోగం తిరిగొస్తుంది. ఏ మందు వాడాలన్నా ముందు నీటి పరీక్ష, చేప పరీక్ష జరగాలి. మందు నిపుణుల సలహాతోనే వాడాలి.

నిజానికి చేప ముందుగానే చెబుతుంది. మన ప్రాంతంలో తవుడు, పిండి కలిపిన మేతను చిల్లుల సంచుల్లో నింపి కర్రలకు కట్టే పద్ధతి ఉంది. రోజూ ఖాళీ అయ్యే సంచి ఒక రోజు సగం మిగిలిందంటే అది తొలి హెచ్చరిక. ఒంటరిగా గట్టు పక్కన తిరగడం, కొత్త నీరు పడేచోట గుమిగూడడం, ఒళ్లు రాపాడించుకోవడం, రంగు ముదరడం తర్వాతి సంకేతాలు. పుండు చివరి సంకేతం.

పాటించాల్సినవి కొత్తవేమీ కావు. మబ్బు రోజుల్లో మేత తగ్గించాలి, ఎందుకంటే అరుగుదలకూ ఆక్సిజన్ కావాలి. చేపలు తేలేదాకా ఆగకుండా అర్ధరాత్రి దాటాక ఏరేటర్లు తిప్పాలి. నీటి పీహెచ్‌ను ఉదయం, మధ్యాహ్నం రెండుసార్లు చూడాలి. పిల్లలను రవాణా చేసే ముందు రోజు మేత ఆపాలి. చెరువుకు చేరగానే సంచులు విప్పి గుమ్మరించకుండా, ముందు వాటిని నీటిపై తేలనిచ్చి, చెరువు నీటిని కొద్దికొద్దిగా కలిపి, లోపలి నీరు, బయటి నీరు ఒకే వేడికి వచ్చాక వదలాలి. నమూనా కోసం వల లాగితే ఎండ ముదరకముందే, అలాగని నీటిలో ఆక్సిజన్ తేరుకున్నాకే లాగాలి. ఒక పనికీ మరో పనికీ మధ్య చేపకు కొన్ని రోజులు వదలాలి.

పరిశోధన ఎటు వెళ్తోంది?

మేత ద్వారా ఒత్తిడిని తగ్గించే ప్రయత్నాలు మన సంస్థల్లోనూ జరుగుతున్నాయి. ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యా సంస్థ శాస్త్రవేత్తలు మృగాల్ చేపపిల్లలను కిక్కిరిసిన స్థితిలో పెంచి, మేతలో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కలిపి చూశారు. ఒత్తిడి సూచికలు తగ్గి, ఎదుగుదల మెరుగుపడింది. మెదడులో ప్రశాంతతకు తోడ్పడే సెరటోనిన్ ట్రిప్టోఫాన్ నుంచే తయారవుతుంది. విటమిన్ సి, ఈస్టు కణాల గోడల నుంచి తీసే బీటా గ్లూకాన్ల వంటివీ పరిశీలనలో ఉన్నాయి. ఇవన్నీ ఊతం ఇచ్చేవే. పాడైన నీటికి ప్రత్యామ్నాయాలు మాత్రం కావు.

ఒత్తిడిని కొలవడం కూడా చిక్కే. రక్తం తీయడానికి పట్టుకుంటేనే చేప కార్టిసాల్ పెరిగిపోతుంది. అందుకే మొప్పల ద్వారా నీటిలోకి వచ్చే కార్టిసాల్‌నూ, పొలుసుల్లో నెమ్మదిగా పేరుకునే కార్టిసాల్‌నూ కొలిచే పద్ధతులు అభివృద్ధి చేస్తున్నారు. నీటి నమూనా ప్రస్తుత స్థితిని చెబితే, పొలుసు గడిచిన వారాల కథ చెబుతుంది. ఇవి చవకగా రైతుకు అందితే రోగం రాకముందే జాగ్రత్తపడే వీలుంటుంది.

అంతదాకా రైతు చేతిలో ఉన్న సాధనాలు ఒక ఆక్సిజన్ మీటరు, ఒక పీహెచ్ కిట్టు, మేత సంచి మీద ఒక కన్ను. చేప ఒంట్లో రోగాలతో పోరాడే సైన్యం పుట్టుకతోనే ఉంది. దాన్ని కొత్తగా కొని తేనక్కర్లేదు. మన నిర్లక్ష్యంతో దాన్ని అలసిపోనివ్వకుండా చూసుకుంటే చాలావరకు సరిపోతుంది.